విశ్వవిద్యాలయానికి ముందే ఉన్నత గణితం: సొంతంగా చదువుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పాఠశాలలో గణితం బాగా వచ్చిన విద్యార్థి ఇంకా ముందుకు వెళ్దామనుకున్నప్పుడు సాధారణంగా చేసే పని, పై తరగతి పుస్తకం సంపాదించి అందులోని లెక్కలు వరసగా చేసుకుపోవడం. అందులో తప్పేమీ లేదు. కాని అలా రెండేళ్ల పాఠాలు ముందే పూర్తిచేసినవారు కూడా విశ్వవిద్యాలయంలో మొదటి నెలలోనే తడబడటం కద్దు. ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్నే మారిపోతుంది. "దీని విలువ కనుక్కోండి" అన్న మాట వెనక్కి తగ్గి, "ఇది ఎల్లప్పుడూ నిజమని నిరూపించండి, లేదా కాదని ఒక ఉదాహరణతో చూపండి" అన్న మాట ముందుకు వస్తుంది. ముందస్తు చదువుకు అసలు లక్ష్యం ఈ కొత్త ప్రశ్నకు అలవాటు పడటమే అని నా అభిప్రాయం. ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయన్న లెక్క దాని తర్వాతే.

నిరూపణ మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. ఏదైనా ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి ఆ సంఖ్యనూ 41నీ కలపండి. 0తో మొదలుపెడితే 41 వస్తుంది, 1తో 43, 2తో 47, 3తో 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆయిలర్ 1772లో ప్రస్తావించిన ఈ సూత్రం 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యనే ఇస్తుంది. వరసగా నలభైసార్లు నిజమైన దాన్ని నమ్మకుండా ఉండటం కష్టం. అయితే 40 దగ్గర 1681 వస్తుంది, అది 41ని 41తో గుణిస్తే వచ్చే సంఖ్య. నలభై ఉదాహరణలు కలిసి కూడా ఒక నిరూపణ కాలేవని చేతితో చేసి తెలుసుకున్నవారికి, ముందున్న దారిలో సగం సందేహాలు అక్కడే తీరుతాయి.

మొదటి మెట్టు: పునాదిని నిజాయతీగా పరీక్షించుకోవడం

ఉన్నత గణితానికి ముందు కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. బీజగణితంలో చేయి తడబడకుండా నడవడం, అసమీకరణాలు, ప్రమేయాలు, వాటి రేఖాచిత్రాలు, ఘాతాంకాలు, సంవర్గమానాలు, త్రికోణమితిలోని ముఖ్య సర్వసమీకరణాలు ఉంటే చాలు. కలనగణితంలో అవకలనం, సమాకలనం చేయడం వచ్చి ఉంటే మేలే, కాని నిరూపణలు నేర్చుకోవడానికి అది ముందస్తు షరతు కాదు.

మార్కులను బట్టి కాకుండా, ఇలాంటి ఒక ప్రశ్నతో మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. ఒక సంఖ్య వ్యుత్క్రమం 2 కన్నా తక్కువ అయితే ఆ సంఖ్య ఏయే విలువలు తీసుకోగలదు? చాలామంది రెండు వైపులా ఆ సంఖ్యతో గుణించి, అది సగం కన్నా ఎక్కువ ఉండాలని వెంటనే రాసేస్తారు. రుణ సంఖ్యలన్నిటి వ్యుత్క్రమాలూ రుణమే కనుక అవి కూడా 2 కన్నా తక్కువేనని వారికి తట్టదు. రుణ సంఖ్యతో గుణిస్తే అసమానత దిశ మారుతుందన్న నియమం వారికి తెలియక కాదు. గుణిస్తున్నది ధనమా రుణమా అని ఆగి అడిగే అలవాటు లేకపోవడమే ఇక్కడి లోపం. ఒక సంఖ్య వర్గానికి వర్గమూలం తీస్తే ఆ సంఖ్య వస్తుందా, దాని పరమ మూల్యం వస్తుందా అన్న ప్రశ్న కూడా ఈ కోవలోదే. ఇలాంటి చోట్ల జారిపోతున్నట్లయితే ఒక నెల పాఠశాల బీజగణితం దగ్గరే ఆగండి. ప్రతి అడుగు పక్కన "ఇది ఎందుకు చెల్లుతుంది" అని ఒక వాక్యం రాస్తూ పాత లెక్కలనే మళ్లీ చేయండి. ఆ నెల వృథా పోదు.

రెండో మెట్టు: నిరూపణ భాష

తర్వాతి రెండు మూడు నెలలు నిరూపణ రాయడానికే కేటాయించండి. సమితులు, ప్రమేయాలు, "ప్రతి", "ఏదో ఒకటి ఉంది" అన్న మాటల మధ్య తేడా, ఒక ప్రవచనానికి విపర్యయమూ ("ఇది అయితే అది" అన్నదాన్ని "అది అయితే ఇది" అని తిప్పినది) ప్రతివర్తితమూ ("అది కాకపోతే ఇదీ కాదు" అని మార్చినది), విరోధం ద్వారా నిరూపణ, గణితానుగమనం అనే అంశాలు ఇందులో వస్తాయి. వీటిని విడివిడిగా కంఠస్థం చేస్తే ఉపయోగం ఉండదు. ఒక చిన్న నిరూపణను రాసి, తప్పు పట్టి, తిరగరాసినప్పుడే ఇవి వంటబడతాయి.

ఉదాహరణకు, ఒక పూర్ణసంఖ్య వర్గం సరి అయితే ఆ సంఖ్య కూడా సరి అని నిరూపించమని అడిగారనుకుందాం. మొదటిసారి రాసేవారిలో ఎక్కువమంది ఇలా రాస్తారు: "ఆ సంఖ్య సరి కనుక దాన్ని 2 రెట్లు కె అని రాయవచ్చు. వర్గం చేస్తే 4 రెట్లు కె వర్గం వస్తుంది, అది సరి. కనుక నిరూపితం." ఇందులోని ప్రతి వాక్యమూ నిజమే, అయినా అడిగినది మాత్రం నిరూపితం కాలేదు. సంఖ్య సరి అని ముందే అనుకుని వర్గం సరి అని తేల్చారు. అంటే నిరూపించినది విపర్యయం. సరైన దారి ప్రతివర్తితం గుండా పోతుంది. సంఖ్య బేసి అయితే అది 2 రెట్లు కెకు 1 కలిపినది. దాని వర్గం 4 రెట్లు కె వర్గమూ, 4 రెట్లు కె, 1 కలిసిన మొత్తం. మొదటి రెండు పదాలూ సరి కనుక చివర ఉన్న 1 వల్ల మొత్తం బేసి అవుతుంది. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే కాబట్టి, వర్గం సరి అయిన చోట సంఖ్య బేసి అయ్యే వీలు లేదు.

ఈ నాలుగు వాక్యాలను పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయగలిగిన తర్వాత, 2 వర్గమూలం అకరణీయ సంఖ్య కాదన్న ప్రసిద్ధ నిరూపణకు వెళ్లండి. అందులో పైన చూపిన ఫలితమే రెండుసార్లు వాడతారు. ఆ పైన ప్రధాన సంఖ్యలు అనంతమని యూక్లిడ్ చూపిన వాదన చదవండి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి 1 కలిపితే కొత్త ప్రధాన సంఖ్యే వస్తుందని చాలామంది పొరబడతారు. 2, 3, 5, 7, 11, 13ల లబ్ధానికి 1 కలిపితే 30031 వస్తుంది, అది 59ని 509తో గుణిస్తే వచ్చే సంఖ్య. యూక్లిడ్ వాదనకు కావలసినది అంతకన్నా తక్కువే: ఆ సంఖ్యకు మన జాబితాలో లేని ఒక ప్రధాన కారణాంకం ఉంటే చాలు. వాదన ఎంత చెబుతోందో అంతే చదవడం, ఒక్క మాట కూడా ఎక్కువ చదవకపోవడం ఈ దశలో నేర్చుకోవలసిన ముఖ్యమైన క్రమశిక్షణ.

మూడో మెట్టు: సంఖ్యావాదం

నిరూపణలు రాయడం మొదలైన వెంటనే వాటిని వాడుకునే రంగం ఒకటి కావాలి. దానికి సంఖ్యావాదాన్ని మించినది లేదని నా ఉద్దేశం. వస్తువులన్నీ పరిచయమైనవే, నిర్వచనాల బరువు తక్కువ, ఊహించినదాన్ని వెంటనే లెక్కవేసి చూసుకోవచ్చు. భాజనీయత, గరిష్ఠ సామాన్య భాజకం, ప్రధాన కారణాంకాలుగా విభజన ఒకే విధంగా జరుగుతుందన్న సిద్ధాంతం, శేషాల లెక్క అన్న క్రమంలో సాగండి.

శేషాల లెక్క ఎంత బలమైనదో ఒక ఉదాహరణ చాలు. ఏ వర్గాన్నయినా 4తో భాగిస్తే శేషం 0 గాని 1 గాని వస్తుంది. కాబట్టి రెండు వర్గాలను కలిపితే శేషం 0, 1, 2లలో ఒకటి అవుతుంది గాని 3 కాదు. 2027ను 4తో భాగిస్తే శేషం 3. అందువల్ల ఏ రెండు వర్గాలను కలిపినా 2027 రాదు, ఒక్క జతను కూడా పరీక్షించనవసరం లేదు. ఇలాంటి ఫలితాన్ని సొంతంగా కనుక్కోవడానికి, ముందు 50 దాకా ఉన్న సంఖ్యల్లో ఏవి రెండు వర్గాల మొత్తమో పట్టిక వేసి, అందులో కనిపించిన పోకడను ఒక వాక్యంగా రాసి, ఆ తర్వాతే నిరూపణకు పూనుకోండి.

నాలుగో మెట్టు: రేఖీయ బీజగణితం

విశ్వవిద్యాలయ గణితంలో దాదాపు ప్రతి శాఖకూ రేఖీయ బీజగణితం అవసరం పడుతుంది. కాని దీన్ని మాత్రికలను గుణించడం, నిర్ధారకాలు విప్పడం అన్న యాంత్రిక పనిగా చదివితే నెలలు గడిచినా సారం అందదు. నేను మొదటిసారి చదివినప్పుడు మూడు వారాల్లో తొంభై పేజీలు దాటేసి ఎంతో గర్వపడ్డాను. రేఖీయ స్వాతంత్ర్యం అంటే ఏమిటో చెప్పమని ఒక మిత్రుడు అడిగితే నోట మాట రాలేదు. మళ్లీ మొదటి పేజీకి వెళ్లవలసి వచ్చింది.

గళ్ల కాగితం తీసుకుని ఈ పని చేసి చూడండి. మొదటి వరసలో 2, 1, రెండో వరసలో 1, 2 ఉన్న మాత్రికను తీసుకోండి. అది (1, 0) అన్న బిందువును (2, 1)కి, (0, 1)ని (1, 2)కి పంపుతుంది. కాబట్టి ఒక ప్రమాణ భుజం ఉన్న చతురస్రం, (0, 0), (2, 1), (3, 3), (1, 2) శీర్షాలుగా ఉన్న సమాంతర చతుర్భుజంగా సాగుతుంది. దాని వైశాల్యం లెక్కవేస్తే 3 వస్తుంది. నిర్ధారకం విలువ కూడా 3. ఇప్పుడు ఏ దిశలు తిరగకుండా నిలిచాయో చూడండి. (1, 1) దిశ అలాగే ఉండి మూడు రెట్లు సాగింది, (1, −1) దిశ అసలు మారలేదు. ఆ రెండు గుణకాలను, అంటే 3నీ 1నీ గుణిస్తే మళ్లీ నిర్ధారకమే వచ్చింది. ఇది కాకతాళీయమా, ఏదైనా నియమమా అన్న ప్రశ్న మీకే పుట్టాలి. ఆ ప్రశ్న పుట్టాక ఐగెన్ విలువల అధ్యాయం తెరిస్తే, అక్కడి నిర్వచనం మీరు వెతుకుతున్న జవాబులా కనిపిస్తుంది. సదిశాంతరాళం, ఆధారం, పరిమాణం, రేఖీయ పరివర్తన అన్న నాలుగు భావనలూ ఇలా బొమ్మ, నిర్వచనం, నిరూపణ అన్న వరసలో పట్టుబడే దాకా ముందుకు కదలకండి.

ఐదో మెట్టు: వాస్తవ విశ్లేషణ, ఒక నిర్వచనాన్ని చదివే తీరు

కలనగణితంలో చేసే పనులన్నీ ఎందుకు చెల్లుతాయో చెప్పే శాస్త్రం వాస్తవ విశ్లేషణ. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, అదీ మొదటి పది పేజీల్లోనే. ఆగిపోవడానికి కారణం తెలివితేటలు చాలకపోవడం అనుకుంటారు గాని, చాలావరకు అది చదివే వేగం వల్ల వచ్చిన చిక్కు. ఇక్కడ ఒక్క నిర్వచనానికి ఒక సాయంత్రం పట్టడం మామూలే.

అనుక్రమపు అవధి నిర్వచనాన్నే తీసుకుందాం. ప్రతి ధన సంఖ్య ఎప్సిలాన్‌కూ ఒక స్థానం దొరుకుతుంది, ఆ స్థానం దాటిన ప్రతి పదమూ అవధికి ఎప్సిలాన్ కన్నా తక్కువ దూరంలో ఉంటుంది. దీన్ని చదివాక మొదట సులభమైన ఉదాహరణ పెట్టి చూడాలి. 1, సగం, మూడో వంతు, నాలుగో వంతు అన్న అనుక్రమానికి అవధి 0 అంటున్నాం. ఎప్సిలాన్ నూరో వంతు అయితే నూరో స్థానం దాటిన పదాలన్నీ చాలినంత దగ్గరగా ఉన్నాయి, వెయ్యో వంతు అయితే వెయ్యో స్థానం దాటాలి. ఎప్సిలాన్ చిన్నదయ్యేకొద్దీ స్థానం ఇంకా దూరం జరుగుతోందని ఇక్కడ గమనించాలి. తర్వాత నిర్వచనం వర్తించని ఉదాహరణ కావాలి. −1, 1, −1, 1 అంటూ మారే అనుక్రమానికి ఏదో ఒక అవధి ఉందనుకుంటే, ఎప్సిలాన్‌ను సగంగా తీసుకున్నప్పుడు ఒక దశ దాటాక 1, −1 రెండూ ఆ అవధికి సగం కన్నా తక్కువ దూరంలో ఉండాలి. అప్పుడు వాటి మధ్య దూరం 1 కన్నా తక్కువ కావాలి. కాని ఆ దూరం 2.

మూడో పని చాలా పుస్తకాలు చెప్పనిది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. నిర్వచనంలోని మాటల వరసను కావాలనే తారుమారు చేయండి. "ఒక స్థానం ఉంది, ప్రతి ధన ఎప్సిలాన్‌కూ, ఆ స్థానం దాటిన ప్రతి పదమూ అవధికి ఎప్సిలాన్ కన్నా తక్కువ దూరంలో ఉంటుంది" అని రాసి చూడండి. మాటలన్నీ అవే, కాని అర్థం పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు ఒకే స్థానం అన్ని ఎప్సిలాన్‌లకూ సరిపోవాలి. అంటే ఆ స్థానం దాటిన పదాలకూ అవధికీ మధ్య దూరం ప్రతి ధన సంఖ్య కన్నా తక్కువ, అంటే 0 కావాలి. అనుక్రమం ఒక చోట నుంచి మారకుండా ఉండిపోవాలన్నమాట. మన 1, సగం, మూడో వంతు అనుక్రమం ఈ పరీక్షలో నెగ్గదు. వరస మారితే ఏం పోతుందో చూసినవారికి అసలు వరస మరపుకు రాదు.

ఈ జాగ్రత్త విద్యార్థులకే పరిమితమైనది కాదు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే, అంటే పదాలను కలుపుతూ పోయినప్పుడు ఒక అవధిని చేరితే, దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని గణితవేత్త కోషీ అంతటి వారు 1821లో రాశారు. 1826లో మరో గణితవేత్త ఆబెల్ దానికి మినహాయింపు చూపారు. పై పేరాలో మనం ఆడినట్లే, ఒకే స్థానం అన్ని బిందువులకూ సరిపోతుందా, బిందువు మారితే స్థానమూ మారుతుందా అన్న తేడాలోనే ఆ పొరపాటు ఉంది. ఏకరూప అభిసరణం అన్న భావన అక్కడి నుంచే వచ్చింది.

ఈ మెట్టులో వాస్తవ సంఖ్యల సంపూర్ణత, అనుక్రమాలు, శ్రేణులు, అవిచ్ఛిన్నత, అవకలనం వరకు వెళ్తే చాలు. సమాకలనాన్ని విశ్వవిద్యాలయానికి వదిలేసినా నష్టం లేదు.

ఆరో మెట్టు: అమూర్త బీజగణితం, సమయం ఉంటేనే

ఇందులో మొదట వచ్చే సమూహాల (గ్రూప్‌ల) పరిచయం చదవాలనుకుంటే నిర్వచనంతో మొదలుపెట్టకండి. ఒక చతురస్రాకారపు కాగితం కత్తిరించి, నాలుగు మూలలకూ ముందూ వెనకా గుర్తులు పెట్టి, అది తిరిగి తన చోట సరిగ్గా కూర్చునే పద్ధతులన్నీ లెక్కపెట్టండి. ఎనిమిది వస్తాయి. ముందు తిప్పి తర్వాత బోర్లిస్తే ఒకటి, ముందు బోర్లించి తర్వాత తిప్పితే మరొకటి వస్తుందని చూశాక, ఆ ఎనిమిదింటికీ గుణకార పట్టిక వేయండి. తర్వాత పుస్తకం తెరవవచ్చు.

రోజువారీ పని తీరు

వారానికి ఐదారు గంటలు క్రమం తప్పకుండా దొరికితే, పైన చెప్పిన మొదటి ఐదు మెట్లకు ఏడాదిన్నర పడుతుందని అనుకోవచ్చు. ఒకేసారి రెండు పుస్తకాలకు మించి పెట్టుకోవద్దు. ఒకటి ప్రధానంగా చదివేది, మరొకటి అందులో అర్థం కానిదాన్ని వేరే మాటల్లో చూసుకోవడానికి. వీడియో పాఠాలు చూసేవారు ఒక నియమం పెట్టుకోవాలి: సిద్ధాంతం చెప్పగానే వీడియో ఆపి, పదిహేను నిమిషాలు నిరూపణకు ప్రయత్నించి, ఆ తర్వాతే కొనసాగించాలి. చూస్తున్నప్పుడు అంతా తెలిసినట్లే ఉంటుంది, మర్నాడు కాగితం ముందు కూర్చుంటే గాని ఎంత మిగిలిందో తెలియదు.

అభ్యాసంలో ఇచ్చిన ప్రశ్న లొంగనప్పుడు కనీసం ముప్పావు గంట దానితోనే ఉండండి. చిన్న సంఖ్యలతో ప్రయత్నించండి, షరతుల్లో ఒకదాన్ని తీసేసి ఏం జరుగుతుందో చూడండి, చివరి నుంచి వెనక్కి రండి. అప్పటికీ రాకపోతే ఒక రాత్రి వదిలేసి మర్నాడు మళ్లీ కూర్చోండి. అయినా తెగకపోతే సమాధానంలో మొదటి వాక్యం మాత్రమే చదివి, మిగతాది చేత్తో కప్పేసి మళ్లీ ప్రయత్నించండి. మొత్తం చదవవలసి వస్తే ఆ ప్రశ్న సంఖ్యను ఒక మూల రాసిపెట్టుకుని, పది రోజుల తర్వాత ఏమీ చూడకుండా మొదటి నుంచి రాయండి.

రాసినదాన్ని మరొకరు చదవడం తప్పనిసరి. శ్రీనివాస రామానుజన్ కౌమారంలో, వేల ఫలితాలను పెద్దగా నిరూపణలు లేకుండా వరసగా ఇచ్చిన ఒక సంకలనాన్ని చేతబట్టి, ఒక్కొక్క ఫలితాన్నీ తానే రాబట్టుకుంటూ చదివారు. ఆ చొరవను తప్పకుండా అనుకరించవచ్చు. అయితే అంతటి ప్రతిభావంతుడికి కూడా 1914లో కేంబ్రిడ్జి చేరాక కచ్చితమైన నిరూపణ పద్ధతిని కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. కాబట్టి ఉపాధ్యాయుడో, పై తరగతి విద్యార్థో, మీతో సమానంగా చదువుతున్న మిత్రుడో నెలకు రెండు మూడు నిరూపణలు చదివి ఎర్ర సిరాతో గీతలు పెట్టేలా ఏర్పాటు చేసుకోండి. ఎవరూ దొరకకపోతే మీ నిరూపణను రెండు వారాలు పక్కన పెట్టి, తప్పు పట్టాలన్న ఉద్దేశంతోనే చదవండి. "స్పష్టమే", "సులభంగా తెలుస్తుంది" అని రాసిన చోట్లనే ముందు తడిమి చూడండి, తప్పులు ఎక్కువగా దాక్కునేది అక్కడే. కృత్రిమ మేధ సాధనాలతో సరిచూసుకునేవారు, అవి నమ్మకంగా చెప్పిన వాదనలో కూడా ఒక అడుగు జారి ఉండవచ్చని గుర్తుంచుకుని ప్రతి వాక్యాన్నీ తామే పరీక్షించాలి.

ఒలింపియాడ్ మాటేమిటని తప్పక అడుగుతారు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959లో మొదలైంది. రెండు రోజుల్లో, రోజుకు నాలుగున్నర గంటల చొప్పున, ఆరు ప్రశ్నలు ఇస్తారు. ఆ ప్రశ్నలకు కలనగణితం అవసరం ఉండదు గాని పూర్తి నిరూపణలు రాయాలి. అందువల్ల రెండో, మూడో మెట్లకు ఆ సాధన చక్కగా తోడ్పడుతుంది. అయితే గడియారం చూస్తూ యుక్తి పట్టడం వేరు, నిర్వచనాల మీద నిర్వచనాలు పేర్చి నిదానంగా ఒక శాస్త్రాన్ని కట్టుకోవడం వేరు. పోటీలు నచ్చనివారు వాటిని పూర్తిగా వదిలేసినా ఉన్నత గణితం వారికి దూరం కాదు.

విశ్వవిద్యాలయంలో చేరే ముందు

చేరబోయే విభాగంలో మొదటి సంవత్సరపు పాత ప్రశ్నపత్రాలు అందుబాటులో ఉంటే, మీరు చదివిన విషయానికి సంబంధించినది ఒకటి తీసుకుని, నిర్ణీత సమయంలో, పుస్తకం లేకుండా పూర్తిగా రాయండి. రెండు మూడు రోజుల తర్వాత మీరే దిద్దండి. నిర్వచనాలు అక్షరం పొల్లుపోకుండా వచ్చి, నిరూపణల్లో అడుగులు తప్పకపోతే, ఆ కోర్సు బదులు తర్వాతి కోర్సు తీసుకోవచ్చా అని అధ్యాపకులను అడగవచ్చు. అడిగేటప్పుడు చదివిన పుస్తకాల జాబితా కన్నా మీ నిరూపణల నోటుపుస్తకం చూపించడం మేలు. జవాబుల్లో ఖాళీలు కనిపిస్తే ఆ కోర్సులోనే కూర్చోండి. తెలిసిన పాఠమేనని తరగతి మానకుండా, అధ్యాపకుడు ఒక సిద్ధాంతాన్ని బోర్డు మీద రాయగానే ఆయన నిరూపణ మొదలుపెట్టేలోగా మీ నిరూపణలోని మొదటి వాక్యాన్ని మార్జిన్‌లో రాసిపెట్టుకుని, రెండూ ఎక్కడ విడిపోయాయో ఆ సాయంత్రం సరిచూసుకోండి.